సున్నాను కొలవడం: అతివాహకత గురించి ఒక ప్రసంగం

అందరికీ నమస్కారం.

ఈ బల్ల మీద ఒక థర్మోకోల్ గిన్నె ఉంది. అందులో నాణెం కంటే కాస్త పెద్ద నల్లటి బిళ్ల ఉంది. వెనక వరుసల్లో ఉన్నవాళ్లకు కనిపించదు కాబట్టి పైన కెమెరా పెట్టాం, తెర మీద చూడండి. ఆ బిళ్ల సంగతి తర్వాత చెబుతాను. ముందు మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతాను. ఫలానాది సున్నా అని మనం ఎలా చెప్పగలం? గదిలో ఎవరూ లేరని చెప్పాలంటే తలుపు తీసి చూస్తే సరిపోతుంది. మరి ఒక తీగకి విద్యుత్ నిరోధం సున్నా అని చెప్పాలంటే? మీటరు సున్నా చూపిస్తే నమ్మవచ్చా? మీటరు పాడైనా సున్నానే చూపిస్తుంది, వైరు ఊడిపోయినా సున్నానే చూపిస్తుంది. అతివాహకత చరిత్ర మొత్తం నాకు ఈ ప్రశ్న చుట్టూ తిరిగినట్టు కనిపిస్తుంది. ఈ రోజు ఆ దారిలోనే మాట్లాడతాను.

అతివాహకత అంటే సూపర్ కండక్టివిటీ. కొన్ని పదార్థాలను ఒక హద్దు దాటి చల్లబరిస్తే వాటి నిరోధం పూర్తిగా మాయమవుతుంది. ఆ హద్దును పాఠ్యపుస్తకాల్లో సందిగ్ధ ఉష్ణోగ్రత అంటారు. ఇక్కడ ఉష్ణోగ్రతలన్నీ కెల్విన్లలో చెబుతాను. సున్నా కెల్విన్ అంటే మైనస్ 273 డిగ్రీల సెల్సియస్. ఈ హాల్లో ఇప్పుడు సుమారు 300 కెల్విన్లు ఉంటుంది.

1908 జూలై 10న నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో హైకే కామర్లింగ్ ఓనెస్ హీలియం వాయువును మొట్టమొదటిసారి ద్రవంగా మార్చాడు. మామూలు పీడనంలో హీలియం 4.2 కెల్విన్ల దగ్గర గానీ ద్రవం కాదు. అంత చలి అందుబాటులోకి వచ్చాక ఆయన పట్టుకున్న ప్రశ్నల్లో ఒకటి, లోహాల నిరోధం అక్కడ ఏమవుతుంది అన్నది. అప్పటికి దీని మీద రకరకాల అంచనాలు ఉండేవి. ఎలక్ట్రాన్లు కదలలేక గడ్డకట్టుకుపోతాయి, నిరోధం అనంతమవుతుంది అని లార్డ్ కెల్విన్ అనుకున్నాడు. మెల్లమెల్లగా తగ్గి సున్నాకి చేరుతుందని ఇంకొందరు అనుకున్నారు. ప్లాటినం, బంగారం కొలిచి చూస్తే రెండూ జరగలేదు. నిరోధం కొంతవరకు తగ్గి, అక్కడే ఆగిపోయింది. ఎక్కడ ఆగుతుందన్నది లోహంలో ఎంత మలినం ఉందన్న దాన్ని బట్టి ఉంది. అందుకని ఓనెస్ పాదరసం వైపు తిరిగాడు. పాదరసాన్ని మళ్లీ మళ్లీ మరిగించి, ఆవిరిని చల్లార్చి, ఎంత శుద్ధంగా కావాలంటే అంత శుద్ధంగా తయారు చేసుకోవచ్చు.

1911 ఏప్రిల్ 8. పంపుల అదురు తగలకుండా, అతి చిన్న కరెంటును కొలిచే గాల్వనోమీటర్‌ను వేరే గదిలో పెట్టారు. అక్కడ కూర్చుని కొలతలు తీసినవాడు గిల్లెస్ హోల్స్ట్. హీలియం పాత్రల్ని తయారు చేసి నడిపినవాడు గెరిట్ ఫ్లిమ్. ఈ ఇద్దరి పేర్లూ చాలామందికి తెలియవు, అందుకే పట్టుబట్టి చెబుతున్నాను. ఆ రోజు ఓనెస్ తన నోటుపుస్తకంలో పెన్సిల్‌తో రాసుకున్న మాటలు ఇవి: పాదరసం దాదాపు సున్నా.

అందులో 'దాదాపు' అన్న మాట నాకు చాలా ఇష్టం. ఆ తర్వాత నెలల తరబడి వాళ్లు ఆ 'దాదాపు' మీదే పనిచేశారు. అదే ఏడాది అక్టోబరులో వచ్చిన గ్రాఫు మీరు పుస్తకాల్లో చూసే ఉంటారు. 4.2 కెల్విన్ల దగ్గర గీత నిలువునా కిందికి పడిపోతుంది. ఓమ్‌లో పదో వంతు కంటే ఎక్కువ ఉన్న నిరోధం, డిగ్రీలో కొన్ని వందో వంతుల తేడాలోనే లక్షో వంతు ఓమ్ కంటే కిందికి జారిపోయింది. అంతకంటే చిన్నదాన్ని కొలిచే శక్తి ఆ పరికరానికి లేదు.

నా అనుభవం ఒకటి చెబుతాను. పరిశోధక విద్యార్థిగా ఉన్నప్పుడు నాకూ ఒక రాత్రి నిరోధం ఉన్నట్టుండి సున్నాకి పడిపోయింది. ఇలాంటి కొలతలో నమూనాకి నాలుగు సన్నటి తీగలు అంటిస్తాం. బయటి రెండింటిలో కరెంటు పంపుతాం, లోపలి రెండింటి మధ్య వోల్టేజీ చూస్తాం. అంటించడానికి సిల్వర్ పెయింట్ వాడతాం, సన్నటి పుల్లతో చుక్క పెట్టి ఆరనిస్తాం. ఆ రాత్రి గ్రాఫు పడిపోగానే ఒళ్లు జలదరించింది. కరెంటు దిశ తిప్పి చూశాను, సున్నా. కరెంటు పెంచాను, అప్పుడూ సున్నా. అక్కడే అనుమానం వచ్చింది. నిజమైన అతివాహకంలో కరెంటు పెంచుకుంటూ పోతే ఎక్కడో ఒకచోట వోల్టేజీ తిరిగి కనిపించాలి. నమూనాని బయటికి తీసి సూక్ష్మదర్శిని కింద పెడితే, లోపలి తీగ ఒకటి చలికి చుక్కతో సహా లేచిపోయి పక్క తీగను తాకుతోంది. మా గైడు కోప్పడలేదు. "ఇంకోసారి సున్నా కనిపిస్తే ముందు తీగలు చూడు, తర్వాత సంతోషించు" అన్నారు. ఇప్పుడు నా విద్యార్థులకు నేనూ అదే చెబుతున్నాను.

మరి మీటరు మీద ఆధారపడకుండా సున్నాని చూపించే మార్గం ఉందా? ఉంది. 1914లో ఓనెస్ సీసపు తీగను చుట్టగా చుట్టి, రెండు కొసలూ కలిపేసి, అందులో కరెంటు పుట్టించి వదిలేశాడు. బ్యాటరీ లేదు. ఏమాత్రం నిరోధం ఉన్నా కరెంటు క్షణంలో చచ్చిపోవాలి. పక్కన పెట్టిన దిక్సూచి ముల్లు మాత్రం గంటల తరబడి పక్కకి తిరిగే ఉంది. 1932లో గెరిట్ ఫ్లిమ్ ఏకంగా 200 ఆంపియర్ల కరెంటు తిరుగుతున్న సీసపు ఉంగరాన్ని ద్రవ హీలియం పాత్రలో పెట్టుకుని విమానంలో లైడెన్ నుంచి లండన్ వెళ్లాడు, అక్కడి సభలో చూపించడానికి. ఏ ప్లగ్గూ లేకుండా కరెంటు సముద్రం దాటింది. 1960లలో చేసిన ఇంకా సున్నితమైన కొలతల్లో, అలాంటి కరెంటు తగ్గిపోవడానికి కనీసం లక్ష సంవత్సరాలు పడుతుందని తేలింది. సున్నా అన్న మాటకి ఇంతకంటే గట్టి సాక్ష్యం నాకు తెలియదు.

ఓనెస్ అప్పుడే పెద్ద కల కన్నాడు. నిరోధం లేకపోతే తీగ వేడెక్కదు, కాబట్టి ఎంత కరెంటైనా పంపి 10 టెస్లాల అయస్కాంతం తయారు చేయవచ్చు అనుకున్నాడు. టెస్లా అంటే అయస్కాంత క్షేత్రం బలాన్ని కొలిచే ప్రమాణం. ఆ కల వెంటనే చెదిరిపోయింది. కొద్దిపాటి అయస్కాంత క్షేత్రం తగిలినా సీసం, పాదరసం, తగరం అతివాహకత కోల్పోయి మామూలు లోహాలైపోతున్నాయి. ఆ అడ్డంకి తొలగడానికి యాభై ఏళ్లు పట్టింది.

ఇక బిళ్ల దగ్గరికి వద్దాం.

[ఫ్లాస్కులోంచి గిన్నెలోకి ద్రవ నత్రజని పోస్తారు.]

ఇది ద్రవ నత్రజని, 77 కెల్విన్లు. ఆ బుసబుసమనే చప్పుడు వింటున్నారు కదా. బిళ్లలో ఉన్న వేడికి నత్రజని మరుగుతోంది. కాస్త ఆగండి. ఇప్పుడు మరుగు ఒక్కసారి ఎక్కువై, వెంటనే అణిగిపోయింది, గమనించారా? అంటే బిళ్ల పూర్తిగా చల్లబడింది. ఇప్పుడు ఈ చిన్న అయస్కాంతాన్ని ప్లాస్టిక్ పట్టకారుతో పైన పెడుతున్నాను. వదిలేశాను. గాల్లో నిలబడింది. వేలితో తిప్పితే గిరగిరా తిరుగుతోంది. పక్కకి నెడితే తిరిగి తన చోటికే వస్తోంది. ఇప్పుడు అయస్కాంతాన్ని పట్టుకుని పైకి ఎత్తుతాను. చూడండి, తాకకుండానే బిళ్ల కూడా దానితోపాటు లేచి వచ్చింది, కింద వేలాడుతోంది.

ఇందులో రెండు సంగతులు ఉన్నాయి. మొదటిది, అతివాహకం తన లోపలున్న అయస్కాంత క్షేత్రాన్ని బయటికి తోసేస్తుంది. 1933లో బెర్లిన్‌లో వాల్తర్ మైస్నర్, రాబర్ట్ ఓషెన్‌ఫెల్డ్ దీన్ని కనిపెట్టారు. నిరోధం సున్నా అయినంత మాత్రాన ఈ పని జరగదు. నిరోధం లేని వాహకం ముందే లోపలున్న క్షేత్రాన్ని అలాగే ఉంచేస్తుంది. అతివాహకం అలా కాకుండా, చల్లబడేటప్పుడు లోపలున్నదాన్ని కూడా బయటికి నెట్టేస్తుంది. ఈ ఒక్క ప్రయోగంతో సున్నాకి రెండో సాక్షి దొరికాడు. అప్పటి నుంచి ఎవరైనా కొత్త అతివాహకం దొరికిందంటే మేం అడిగే మొదటి మాట, మైస్నర్ ప్రభావం చూపించారా అనే. రెండో సంగతి, ఇలాంటి బిళ్ల క్షేత్రాన్ని పూర్తిగా తోసెయ్యదు. కొంత క్షేత్రం సన్నటి దారాల్లాగా లోపలికి దూరి, పదార్థంలో లోపాలున్న చోట్ల చిక్కుకుపోతుంది. అందుకే బిళ్ల వేలాడుతోంది. ఈ దారాల అమరికను 1957లో అబ్రికోసోవ్ సిద్ధాంతరీత్యా చెప్పాడు. ఇలా క్షేత్రాన్ని దారాలుగా రానిచ్చే పదార్థాలే ఓనెస్ కలను నిజం చేశాయి. 1961లో బెల్ ల్యాబ్స్‌లో నియోబియం, తగరం కలిసిన తీగ దాదాపు 9 టెస్లాల క్షేత్రంలోనూ బోలెడంత కరెంటు మోసింది.

అసలు ఇదంతా ఎందుకు జరుగుతుంది? ఐన్‌స్టీన్, బోర్, హైసెన్‌బర్గ్, ఫైన్‌మన్ లాంటివాళ్లు కూడా ప్రయత్నించి వదిలేసిన ప్రశ్న ఇది. 1950లో ఒక మంచి ఆధారం దొరికింది. పాదరసంలోనే బరువైన ఐసోటోపు, అంటే కేంద్రకం బరువు మాత్రమే ఎక్కువున్న రకం తీసుకుంటే సందిగ్ధ ఉష్ణోగ్రత కొంచెం తగ్గుతోంది. కరెంటు మోసేవి ఎలక్ట్రాన్లు కదా, కేంద్రకం బరువుతో వాటికేం పని? అంటే పరమాణువుల కదలికకి ఇందులో పాత్ర ఉందన్నమాట.

ఎత్తుగా పెరిగిన గడ్డిలో ఒకరు నడిచి వెళ్లారనుకోండి. గడ్డి వంగుతుంది, వెంటనే లేవదు. ఆయన దూరం వెళ్లిపోయాక కూడా ఆ బాట కాసేపు ఉంటుంది. వెనక వచ్చేవాడికి ఆ బాటలో నడవడం తేలిక. లోహంలో ఎలక్ట్రాన్ దూసుకుపోతుంటే, ధనావేశం ఉన్న పరమాణువులు కొంచెం దాని వైపు ఒరుగుతాయి. అవి బరువైనవి, నెమ్మదిగా గానీ వెనక్కి వెళ్లవు. ఈలోగా ఆ చోట ధనావేశం కాస్త ఎక్కువై, ఇంకో ఎలక్ట్రాన్ అటు ఆకర్షితమవుతుంది. మామూలుగా ఒకదాన్నొకటి నెట్టుకునే ఎలక్ట్రాన్లు ఈ విధంగా జంటకడతాయి. 1956లో లియాన్ కూపర్ ఈ జంటను పట్టుకున్నాడు. కోట్లాది జంటలన్నిటికీ కలిపి ఒకే తరంగాన్ని ఎలా రాయాలో రాబర్ట్ ష్రీఫర్‌కు న్యూయార్క్ సబ్‌వే రైల్లో తట్టింది. జాన్ బార్డీన్‌తో కలిసి ముగ్గురూ 1957లో ప్రకటించిన సిద్ధాంతానికి వాళ్ల పేర్ల మొదటి అక్షరాలతో బీసీఎస్ అని పేరు. అన్ని జంటలూ ఒకే తరంగంలో ఉన్నాయి కాబట్టి ఒక్కదాన్ని విడిగా దారి తప్పించడం కుదరదు. జంటను విడగొట్టడానికి కొంత శక్తి కావాలి. అంత చలిలో ఆ శక్తి దొరకదు. అందుకే నిరోధం లేదు. లైడెన్ నోటుపుస్తకం నుంచి ఇక్కడికి రావడానికి 46 ఏళ్లు పట్టింది.

ఆ వెంటనే, 1962లో, కేంబ్రిడ్జ్‌లో 22 ఏళ్ల విద్యార్థి బ్రయన్ జోసెఫ్‌సన్ ఇంకో మాట అన్నాడు. రెండు అతివాహకాల మధ్య అతి పల్చటి విద్యుత్ నిరోధక పొర పెడితే, జంటలు దాన్ని కూడా దాటిపోతాయి, వోల్టేజీ లేకుండానే. బార్డీన్ అంతటివాడు ఒప్పుకోలేదు. కానీ ఏడాది తిరక్కముందే ప్రయోగం జోసెఫ్‌సన్ పక్షాన నిలిచింది. ఇలా మధ్యలో పొర పెట్టి కలిపిన అతివాహకాల జతను జోసెఫ్‌సన్ సంధి అంటారు. ఆ సంధితో చేసిన స్క్విడ్ అనే పరికరం మన మెదడులోంచి వచ్చే అయస్కాంత క్షేత్రాన్ని కొలుస్తుంది. అది భూమి క్షేత్రంలో కొన్ని కోట్లో వంతు ఉంటుంది. ఇప్పుడు క్వాంటం కంప్యూటర్లలో ఎక్కువగా వినిపించే క్యూబిట్లలోనూ, అంటే సమాచారాన్ని దాచే మూల భాగాల్లోనూ, ఈ సంధే ఉంటుంది. 2025లో జాన్ క్లార్క్, మిషెల్ డెవొరే, జాన్ మార్టినిస్‌కు వచ్చిన భౌతికశాస్త్ర నోబెల్, 1984, 85లలో ఇలాంటి సంధుల మీద చేసిన ప్రయోగాలకే.

ఎమ్మారై స్కాన్ చేయించుకున్నవాళ్లు ఇక్కడ చాలామంది ఉంటారు. ఆ సొరంగం చుట్టూ ఉన్నది నియోబియం, టైటానియం మిశ్రమంతో చేసిన తీగచుట్ట, ద్రవ హీలియం చలిలో ఉంటుంది. ఒకసారి కరెంటు ఎక్కించి కొసలు కలిపేస్తే ఇక సరఫరా అక్కర్లేదు. ఫ్లిమ్ విమానంలో తీసుకెళ్లిన ఉంగరం లాంటిదే అది కూడా. అందుకే ఒక్క మాట గుర్తుంచుకోండి: ఆ గదిలో స్కాన్ జరగకపోయినా, కరెంటు పోయినా, అయస్కాంతం మాత్రం పనిచేస్తూనే ఉంటుంది. ఇనుప వస్తువులతో లోపలికి వెళ్లొద్దని చెప్పేది అందుకే. ఆక్సిజన్ సిలిండర్‌ని కూడా లాగేసుకుంటుంది.

సున్నా కాని చోట ఏమవుతుందో కూడా చెప్పాలి. జెనీవా దగ్గర భూమి అడుగున 27 కిలోమీటర్ల వలయంలో, ప్రోటాన్లను ఢీకొట్టించే లార్జ్ హాడ్రాన్ కొలైడర్ అనే యంత్రం ఉంది. ప్రోటాన్లను వంపు తిప్పడానికి అందులో 1232 పెద్ద అతివాహక అయస్కాంతాలు, 1.9 కెల్విన్ల దగ్గర పనిచేస్తాయి. ప్రారంభమై తొమ్మిది రోజులే అయింది, 2008 సెప్టెంబరు 19. రెండు అయస్కాంతాల మధ్య తీగల్ని కలిపే ఒక అతుకు సరిగ్గా అతకలేదు. దాని నిరోధం సుమారు 200 నానో ఓమ్‌లు, అంటే ఓమ్‌ని కోటి భాగాలు చేస్తే అందులో రెండు భాగాలు. మనింటి స్విచ్చుల్లో ఇంతకంటే వేల రెట్లు ఉంటుంది. కానీ దాని గుండా వెళ్తున్నది దాదాపు 9,000 ఆంపియర్లు. అతుకు వేడెక్కింది, కరిగింది, నిప్పురవ్వ పుట్టి హీలియం పాత్రకి చిల్లు పడింది. టన్నుల కొద్దీ హీలియం సొరంగంలోకి ఎగజిమ్మింది. ఆ పీడనానికి టన్నుల బరువున్న అయస్కాంతాలు పునాదుల నుంచి కదిలిపోయాయి. మళ్లీ ప్రోటాన్లు తిరగడానికి ఏడాదికి పైగా పట్టింది. ఆ తర్వాత వాళ్లు వేల అతుకుల్ని ఒక్కొక్కటే పరిశీలించారు.

ఇక 1986. బీసీఎస్ వచ్చాక ముప్పై ఏళ్లలో సందిగ్ధ ఉష్ణోగ్రత రికార్డు 23 కెల్విన్ల దగ్గర ఆగిపోయింది. ఇంతకు మించి సాధ్యం కాదని చాలామంది నమ్మారు. జ్యూరిక్ దగ్గర ఐబీఎమ్ ప్రయోగశాలలో అలెక్స్ ముల్లర్, గేయార్గ్ బెడ్నోర్జ్ ఎవరికీ చెప్పకుండా ఆక్సైడ్ల మీద దాదాపు మూడేళ్లు వెతికారు. ఆక్సైడ్ అంటే పింగాణీ జాతి పదార్థం, చాలావరకు కరెంటే పారనివ్వదు. వాళ్లకి దొరికిన రాగి ఆక్సైడ్‌ను అంతకుముందే ఫ్రాన్స్‌లో ఒక బృందం తయారు చేసింది, కానీ దాన్ని అంత చల్లబరిచి చూడలేదు. వీళ్లు చూశారు. 35 కెల్విన్ల దగ్గర నిరోధం పడిపోవడం మొదలైంది. వాళ్ల వ్యాసం శీర్షికలో మొదటి మాటే 'బహుశా' అన్న అర్థం ఇచ్చేది. మైస్నర్ ప్రభావం ఇంకా కొలవలేదు కాబట్టి అంతవరకే అన్నారు. ఆ నిగ్రహం నాకు నోబెల్ కంటే గొప్పగా అనిపిస్తుంది. ఆ నోబెల్ మరుసటి ఏడాదే వచ్చింది.

1987లో పాల్ చూ, మావ్-కువెన్ వూ బృందాలు ఇట్రియం, బేరియం, రాగి, ఆక్సిజన్ కలిపి 93 కెల్విన్లకి చేర్చాయి. ఈ గిన్నెలో ఉన్నది అదే పదార్థం. 77 దాటడంతో ఖరీదైన హీలియం బదులు, గాలిలోంచి తీసే నత్రజని సరిపోయింది. ఆ మార్చిలో న్యూయార్క్ హోటల్లో జరిగిన సమావేశానికి వేలమంది భౌతికశాస్త్రవేత్తలు కిక్కిరిసి, తెల్లవారుజాము దాకా వింటూ కూర్చున్నారు.

ఇక అంతా మారిపోతుందని అప్పుడు అందరం అనుకున్నాం. ఆలస్యం ఎందుకైందంటే, ఇది పింగాణీ, వంచితే విరుగుతుంది. పైగా లోపలి రేణువులు ఒకే దిక్కుకి తిరిగి ఉండకపోతే కరెంటు ఒక రేణువు నుంచి పక్క రేణువుకి దాటలేదు. ఇప్పుడు లోహపు రిబ్బను మీద ఒకటి రెండు మైక్రాన్ల పొరగా, రేణువులన్నీ కొద్ది డిగ్రీల తేడాలో ఒకే వైపు ఉండేలా పెంచుతున్నారు. ఆ టేపు మందం మిల్లీమీటరులో పదో వంతు. దానితో 2021లో అమెరికాలో సంలీన రియాక్టరు, అంటే పరమాణు కేంద్రకాలను కలిపి శక్తి పుట్టించే యంత్రం కోసం 20 టెస్లాల అయస్కాంతం చేసి చూపించారు. జర్మనీలోని ఎస్సెన్‌లో, షాంఘైలో నగరం కింద కిలోమీటరు పొడవు అతివాహక కేబుళ్లు వేశారు. అయితే చలికి అయ్యే ఖర్చు సున్నా కాదు. 4.2 కెల్విన్ల దగ్గర ఒక్క వాటు వేడిని బయటికి తోడాలంటే ప్రకృతి నియమం ప్రకారమే కనీసం 70 వాట్లు కావాలి. 77 దగ్గరైతే మూడు వాట్లు. ఆచరణలో రెండూ ఇంకా ఎన్నో రెట్లు.

గది ఉష్ణోగ్రత సంగతేమిటి అని మీలో చాలామంది అడగాలనుకుంటున్నారు, తెలుసు. ఇప్పటికి దగ్గరగా వెళ్లింది హైడ్రోజన్ సమ్మేళనాలతో. 2015లో జర్మనీలోని మైన్జ్‌లో మిఖాయిల్ ఎరెమెట్స్ బృందం గంధకం, హైడ్రోజన్ సమ్మేళనంలో 203 కెల్విన్లు చూసింది. 2019లో లాంథనం, హైడ్రోజన్ సమ్మేళనంలో 250, అంటే మైనస్ 23 సెల్సియస్. కానీ రెండు వజ్రాల మొనల మధ్య పెట్టి వాతావరణ పీడనానికి పదిహేను లక్షల రెట్లకు పైగా నొక్కాలి. నమూనా వెంట్రుక మందం కంటే చిన్నది. దానికి నాలుగు తీగలు తగిలించాలి. నా సిల్వర్ పెయింట్ చుక్క గుర్తుందా, ఊహించుకోండి.

ఇలాంటి చోట తొందరపాటు ప్రమాదం. అమెరికాలో ఒక బృందం గది ఉష్ణోగ్రత సాధించామని 2020లో, 2023లో ప్రకటించింది. ఇతరులు చేస్తే రాలేదు, లెక్కల మీద ప్రశ్నలు లేచాయి, రెండు వ్యాసాలనూ పత్రిక ఉపసంహరించింది. 2023 జూలైలో దక్షిణ కొరియా నుంచి, గది ఉష్ణోగ్రతలోనే అతివాహకం అంటూ ఎల్‌కే-99 అనే పదార్థం వచ్చింది. అయస్కాంతం మీద ఒక అంచున లేచి నిలబడిన ముక్క వీడియో ప్రపంచమంతా తిరిగింది. కొద్ది వారాల్లోనే పదుల ప్రయోగశాలలు దాన్ని వండి చూశాయి. నిరోధం పడిపోవడానికి కారణం అందులో కలిసిపోయిన కాపర్ సల్ఫైడ్. అది 104 డిగ్రీల సెల్సియస్ దగ్గర రూపం మార్చుకుంటుంది. మలినం లేకుండా స్ఫటికం పెంచితే, అది ఊదారంగులో పారదర్శకంగా ఉంది, కరెంటే పారలేదు. నాకు ఆ వారాలు దిగులు కలిగించలేదు. తప్పు ఎక్కడుందో అంత త్వరగా, అంత స్పష్టంగా పట్టుకోవడం ఈ రంగం చేసిన మంచి పనుల్లో ఒకటి.

రాగి ఆక్సైడ్లలో జంటలు ఎందుకు కడతాయో నలభై ఏళ్లు కావస్తున్నా అందరూ ఒప్పుకునే సమాధానం లేదు. అందుకే కొత్త పదార్థాల వెతుకులాట ఆగలేదు. 2018లో రెండు గ్రాఫీన్ పొరల్ని, అంటే ఒక్క పరమాణువు మందం ఉన్న కర్బన పొరల్ని, 1.1 డిగ్రీలు మెలితిప్పి పెడితే అతివాహకత వచ్చింది. 2019లో స్టాన్‌ఫర్డ్‌లో నికెల్ ఆక్సైడ్ పొరల్లో కనిపించింది, 2023లో చైనాలో ఇంకో నికెల్ ఆక్సైడ్‌ను ఒత్తిడిలో పెడితే 80 కెల్విన్ల దాకా వెళ్లింది. ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లో శుద్ధమైన బిస్మత్‌ను కెల్విన్‌లో వెయ్యో వంతు కంటే కిందికి, 0.00053 దాకా చల్లబరిస్తే అదీ అతివాహకమే అని తేలింది. బిస్మత్‌లో లక్ష పరమాణువులకి ఒక్క స్వేచ్ఛా ఎలక్ట్రాన్ ఉంటుంది. బీసీఎస్ లెక్క ప్రకారం అది జరగకూడదు. ఎవరో ఓపికగా అంత కిందికి వెళ్లి చూశారు కాబట్టి తెలిసింది.

గిన్నెలో నత్రజని తగ్గిపోతోంది, అయస్కాంతం కొంచెం కిందికి జారడం తెర మీద కనిపిస్తోంది. ఫ్లాస్కులో ఇంకా మిగిలి ఉంది, మళ్లీ పోస్తాను. దగ్గర నుంచి చూడాలనుకున్న పిల్లలు వరుసగా రండి. కళ్లద్దాలు ఇక్కడున్నాయి, పెట్టుకోండి. బిళ్లను మాత్రం చేత్తో ముట్టుకోవద్దు.